పట్టుకుపోయే ముందు ఎలుగు సంగతి తెలుసుకోండి

సంపాదకుడికి,

శ్రీకాకుళం జిల్లా ఉద్దానంలో ఎలుగుబంటి కనిపించిందని వార్త వస్తే చాలు, ‘దాన్ని పట్టుకుపోండి’ అనే మాటే వినిపిస్తుంది. చీకటితో జీడితోటకు వెళ్లేవాళ్ల భయం చిన్నది కాదు. గుంటూరులో కూర్చుని నీతులు చెప్పడం నాకు తేలికే. 2022 జూన్‌లో వజ్రపుకొత్తూరు మండలం కిడిసింగిలో ఒకరి ప్రాణం పోయింది, మరికొందరు గాయపడ్డారు. చివరికి మత్తిచ్చి పట్టిన ఎలుగు కూడా చచ్చిపోయింది. ఎవరికి ఏం మిగిలింది?

ఒక శివరాత్రికి ముందు శ్రీశైలం దారిలో దోర్నాల దాటాక కారు ఆపితే, అక్కడి చెంచు కుర్రాడు ఎలుగు పెంటను పుల్లతో విప్పి చూపించాడు. నిండా రేగు గింజలు, చెదల తలకాయలు. మధ్యలో చాక్లెట్ కాగితం! ఎలుగుకు పైవరసలో ముందు రెండు పళ్లుండవు, ఆ సందులోంచే చెదలను పీల్చేస్తుంది. పరిశోధకులు ఇలాంటి పెంటలను నెలనెలా ఏరి, ఏ కాలంలో ఏం తింటుందో లెక్క కడతారు. మెడకు రేడియో పట్టీ కట్టి ఎంత దూరం తిరుగుతుందో, పగలు ఎక్కడ పడుకుంటుందో చూస్తారు. ఇవి తెలిస్తే ఏ పొదలు నరకకూడదో, ఏ వేళ తోటకు ఒంటరిగా వెళ్లకూడదో చెప్పొచ్చు.

అమెరికాలోని ఎల్లోస్టోన్ పార్కులో పరిశోధకులైన క్రెయిగ్‌హెడ్ సోదరులు 1961 నుంచి ఎలుగులకు రేడియో పట్టీలు కట్టి తిరిగారు. అక్కడి ఎలుగులు చెత్తకుప్పలకు అలవాటు పడ్డాయి, కుప్పలను ఒక్కసారిగా కాకుండా మెల్లగా మూయమని వాళ్లు చెప్పారు. పార్కువాళ్లు వినలేదు, చకచకా మూసేశారు. ఆకలేసిన ఎలుగులు జనం దిగే గుడారాల మీద పడ్డాయి, చాలావాటిని చంపాల్సి వచ్చింది. 1975కల్లా వాటిని ముప్పులో ఉన్న జీవులుగా ప్రకటించారు.

మన దగ్గరా చెత్త ఉంది. శ్రీశైలం ఘాట్‌లో పులిహోర పొట్లాలు విసిరే కార్లలో గుంటూరువీ ఉంటాయి. ఆ రోజు మా పిల్లలూ అరటి తొక్కలు విసిరారు, నేను చూస్తూ ఊరుకున్నాను.

అటవీ శాఖకు నా విన్నపం ఒకటే. వలలు, మత్తు తుపాకులకు పెట్టే ఖర్చులో కొంత ఉద్దానం ఎలుగుల అధ్యయనానికి ఇవ్వండి. కెమెరాలు పెట్టండి, రెండుమూడింటికి పట్టీలు కట్టి కనీసం రెండేళ్లు వెంబడించండి. ఆ పనికి తోటల్లో తిరిగే స్థానిక కుర్రాళ్లనే జీతమిచ్చి తీసుకోండి. తెలిసిన సంగతులు జీడిపిక్కలు ఏరే సీజన్‌కు ముందే పంచాయతీల్లో తెలుగులో చెప్పండి.

ఒక పాఠకుడు,
బ్రాడీపేట, గుంటూరు