జైసల్మేర్ యాత్రలో నీటి ఊసే లేదు

సంపాదకులకు,

సెలవులు దగ్గర పడగానే రాజస్థాన్ యాత్రల ప్రకటనలు పత్రికల్లో వరుస కడతాయి. వాటిలో జైసల్మేర్‌కు దక్కేది చాలావరకు ఒక్క పగలే. ఆ పగటిని గైడ్లు, యాత్రా నిర్వాహకులు గడిపిస్తున్న తీరు గురించి ఈ లేఖ.

జైసల్మేర్ లాగే మా అనంతపురం కూడా దేశంలో అతి తక్కువ వాన పడే జిల్లాల్లో ఒకటని బడిలో చదువుకున్న వాళ్లం మేము. అందువల్ల 1156లో రావల్ జైసల్ కోట కట్టించిన నాటి నుంచి ఆ ఎడారి ఊరు నీటికి ఏ ఏర్పాట్లు చేసుకుని బతికిందో చూడాలన్న ఆసక్తితోనే కుటుంబంతో వెళ్లాను. గైడు మమ్మల్ని ముందుగా దుప్పట్ల దుకాణంలో కూర్చోబెట్టాడు. కోట ఎక్కేసరికి జైన దేవాలయాల్లోకి సందర్శకులను అనుమతించే వేళ దాటిపోయింది. పద్నాలుగో శతాబ్దంలో రావల్ గడ్సీ తీర్చిదిద్దిన గడీసర్ చెరువు, కుళాయిలు వచ్చేదాకా ఊరంతటి దాహం తీర్చిన చెరువు, మాకు ఫోటోల కోసం ఆగిన చోటుగా మాత్రమే మిగిలింది.

2013లో యునెస్కో ప్రపంచ వారసత్వ జాబితాకెక్కిన రాజస్థాన్ కొండకోటల్లో జైసల్మేర్ కోట ఒకటి. ఇప్పటికీ లోపల వేలాది మంది కాపురముంటున్న కోట. బిందెలతో నీళ్లు మోసుకున్న రోజులకు సరిపోయిన మురుగు ఏర్పాట్ల మీదికి కుళాయిలు, హోటళ్లు, స్నానాల గదులు వచ్చిపడటంతో ఆ నీరు కొండ అడుగుకు ఇంకి పునాదులను మెత్తబరుస్తోందని నిపుణులు చాలా ఏళ్లుగా హెచ్చరిస్తున్నారు. 2024 ఆగస్టు వానలకు కోట గోడ కొంత కూలింది కూడా. మేము నడిచిన ఒక సందులో గోడ అడుగున మోకాలెత్తు దాకా చెమ్మ ఎక్కి, పసుపు రాయి పొరలు పొరలుగా విడిపోయి, వేలితో తాకితే పొడి రాలుతోంది. గైడు దాన్ని దాటించి ‘సోనార్ కిలా’ (బంగారు కోట) అంటూ పై బురుజును చూపించాడు.

కుల్‌ధరా అనే పాడుబడిన పాత ఊరిలో జరిగింది ఇంకా అన్యాయం. జైసల్మేర్ దివాన్ సాలిం సింగ్ కన్ను ఒక పిల్ల మీద పడిందని, పాలివాల్ బ్రాహ్మణులు ఒక్క రాత్రిలో ఊరు వదిలి శాపం పెట్టారని చాలాసేపు చెప్పారు. దయ్యాల కథ వినడానికి బాగానే ఉంటుంది, కాదనను. కానీ నీటి కరువు, పన్నుల భారం వల్ల ఊళ్లు క్రమంగా ఖాళీ అయ్యాయని పరిశోధకులు చెప్పే మాట ఎవరూ ఎత్తలేదు. అంతకన్నా ముఖ్యంగా, అదే పాలివాళ్లు కట్టిన ‘ఖడీన్‌’ల గురించి ఒక్క ముక్క లేదు. రాతి నేల మీద పడిన వానను పల్లానికి మళ్లించి, అక్కడ అడ్డంగా మట్టి కట్ట వేసి నిలబెట్టి, అది నేలలోకి ఇంకాక ఆ పదునులోనే చలికాలంలో గోధుమ, శనగ పండించే పద్ధతి అది. ఏటా 200 మిల్లీమీటర్లకు అటూ ఇటూగా పడే చోట గోధుమ పండించారంటే, అంతకు రెండింతలకు పైగా వాన పడే మా జిల్లా రైతులు శాపం కథ కన్నా ఆ కట్ట దగ్గర ఒక గంట నిలబడి చూడటం మేలు కాదా? అక్కడ ఖడీన్లలో నేటికీ పంట పండుతోంది.

తెలుగు రాష్ట్రాల యాత్రా నిర్వాహకులు ఉదయం పూటే కోటకు చేర్చాలి, బసను కోట బయటే ఏర్పాటు చేయాలి, ప్రభుత్వ గుర్తింపు ఉన్న గైడును పెట్టి గడీసర్, ఖడీన్ తప్పక చూపించాలి. రెండు రాష్ట్రాల పర్యాటక శాఖలు ఈ నిబంధనలను రాతపూర్వకంగా అడగాలి. ఎక్కడ ఎంతసేపు ఆపుతారో, ఏ దుకాణాలకు తీసుకువెళ్తారో ప్రకటనలోనే వెల్లడించాలన్న షరతును, ఆ ప్రకటనలు అచ్చువేసే పత్రికలు కూడా పెట్టవచ్చు.

ఇట్లు,
ఒక పాఠకుడు,
అనంతపురం