ముక్కే బండికి మెయిన్ జెట్ మందు కాదు

ఎడిటర్ గారికి,

గత ఆదివారం మీ వాహనాల పేజీలో ఒక పాఠకుడి ప్రశ్నకు ఇచ్చిన జవాబు గురించి ఈ ఉత్తరం. ఆయన బండి యమహా వైజెడ్250, టూ స్ట్రోక్ డర్ట్ బైక్. చెప్పిన జబ్బు ఇది: యాక్సిలరేటర్ కొంచెం తిప్పితే ముక్కుతుంది, లాగదు. సగం దాటాక ఒక్కసారిగా లేచి ఎగిరిపడుతుంది. ఫుల్‌లో ఏ ఇబ్బందీ లేదు. దీనికి మీ నిపుణుడు మూడు మందులు రాశారు. మెయిన్ జెట్, అంటే కార్బ్యురేటర్‌లో పెట్రోల్ కొలిచే సన్న రంధ్రమున్న ఇత్తడి ముక్క, రెండు సైజులు పెంచమన్నారు. ఎయిర్ బాక్స్ మూత తీసేయమన్నారు. భద్రత కోసం పెట్రోల్‌లో కలిపే టూటీ ఆయిల్ ఇంకాస్త ఎక్కువ పొయ్యమన్నారు. మొదటిది జబ్బుకు తగలదు, రెండోది బండిలోకి దుమ్మును పిలుస్తుంది, మూడోది మిశ్రమంలో పెట్రోల్‌ని పెంచకపోగా పిసరు తగ్గిస్తుంది.

ముందు మెయిన్ జెట్ సంగతి. ఈ బండి మీద ఉండేది 38 మి.మీ. కీహిన్ పీడబ్ల్యూకే కార్బ్యురేటర్. బౌల్లో, అంటే దాని అడుగు గిన్నెలో, ఉన్న పెట్రోల్ మెయిన్ జెట్ దాటాక, నీడిల్ అనే సూదికీ దాని చుట్టూ ఉన్న గొట్టానికీ మధ్య సందులోంచి పైకి రావాలి. యాక్సిలరేటర్ తిప్పేకొద్దీ నీడిల్‌ని పైకి లేపే స్లయిడ్ కిందుగా ఉన్నంతసేపూ నీడిల్ లావు భాగమే ఆ గొట్టంలో కూర్చుని ఉంటుంది. అప్పుడు ఆ సందు మెయిన్ జెట్ రంధ్రం కన్నా చిన్నది. ఇరుకు ఎక్కడుంటే కొలత అక్కడే జరుగుతుంది. ఇంట్లో కుళాయి సగం కట్టేసి, వీధిలో పైపు పెద్దది వేయించినట్టుంటుంది ఆ సలహా. సుమారుగా చెప్పాలంటే పావు వంతు దాకా పైలట్ జెట్ అనే చిన్న జెట్, దాని గాలిని సర్దే ఎయిర్ స్క్రూ, వీటి రాజ్యం. దాని చివర నుంచి సగం దాకా స్లయిడ్ కోత, నీడిల్ లావు మాట చెల్లుతుంది. పావు నుంచి ముప్పాతిక దాకా నీడిల్ వాలు, క్లిప్ ఉన్న గాడి. మెయిన్ జెట్ పెత్తనం ముప్పాతిక దాటాకే. హద్దులు ఒకదాని మీదికొకటి వస్తాయి గానీ తారుమారు కావు. అందుకే జబ్బు ఏ స్పీడులో వస్తోందని కాదు, యాక్సిలరేటర్ ఎంత తిప్పినప్పుడు వస్తోందని అడగాలి. గ్రిప్ అంచున, దాని పక్క హౌసింగ్ మీద తెల్ల టేపు చుట్టి పావు, సగం, ముప్పాతిక గీతలు గీసుకుంటే ఆ ప్రశ్నకు జవాబు ఐదు నిమిషాల్లో దొరుకుతుంది.

రెండో ప్రశ్న, పెట్రోల్ చాలడం లేదా, ఎక్కువవుతోందా? చెవికే తెలుస్తుంది. చాలనప్పుడు 'బో...' మని గొంతు పడిపోతుంది, పొగ ఉండదు, వదిలేశాక ఐడిలింగ్ వెంటనే దిగకుండా పైనే నిలబడి నింపాదిగా దిగుతుంది. ఎక్కువైతే పడపడమంటూ తెగి తెగి కొడుతుంది, పొగ వస్తుంది, ప్లగ్ తడిగా ఉంటుంది. చల్లగా ఉన్నప్పుడు ముక్కి, వేడెక్కాక సర్దుకుంటే పెట్రోల్ తక్కువ. చల్లగా బాగుండి, వేడెక్కేకొద్దీ చెడితే ఎక్కువ. ఇంకా అనుమానముంటే ముక్కే చోటనే చోక్ కాసేపు లేపి చూడండి. బాగుపడితే తక్కువ, ఇంకా చెడితే ఎక్కువ.

ఇంతదాకా వచ్చాక కూడా జెట్ మీద చెయ్యి వెయ్యకూడదు. పాఠకుడు చెప్పిన లక్షణాలు, అంటే కింద నీరసం, పైన బాగు, జెట్ కన్నా ముందు రెండు చోట్లకు వేలు చూపిస్తున్నాయి.

ఒకటి రీడ్ వాల్వ్, అంటే మిశ్రమాన్ని ఇంజన్‌లోకి మాత్రమే పోనిచ్చే తలుపు. దాని పల్చటి రేకులే పెటల్స్. పెటల్ అంచు పెచ్చు లేచినా, మూల విరిగినా, పైకి వంగి సీటుకు ఆనకపోయినా పిస్టన్ కిందికి దిగేటప్పుడు మిశ్రమం కార్బ్యురేటర్‌లోకి వెనక్కి తంతుంది. తక్కువ ఆర్‌పీఎమ్‌లో దీని దెబ్బ బాగా తెలుస్తుంది. ఎక్కువ ఆర్‌పీఎమ్‌లో వెనక్కి పోయేందుకు టైమే ఉండదు కాబట్టి ఫుల్‌లో బండి మామూలుగా పోతుంది. స్టార్టింగ్ మొండికేస్తుంది. ఎయిర్ ఫిల్టర్ లోపలి వైపు ఆయిల్ కలిసిన పెట్రోల్ తడి కనిపిస్తే ఇదేనని దాదాపు ఖాయం. రీడ్ బ్లాక్ బయటికి తీసి వెలుతురుకు అడ్డం పెట్టి చూడాలి. వెంట్రుకంత గీత కనిపిస్తే భయం లేదు. కాయితం దూరేంత సందున్నా, అంచు నలిగినా పెటల్స్ మార్చాలి. చాలామంది పెటల్‌ని తిరగేసి వేస్తుంటారు. పది రోజులకు మళ్లీ అదే పాట.

రెండోది పవర్ వాల్వ్. వైజెడ్‌లో దాని పేరు వైపీవీఎస్. తక్కువ ఆర్‌పీఎమ్‌లో ఎగ్జాస్ట్ పోర్ట్ పై అంచును కిందికి దించి ఉంచుతుంది, ఆర్‌పీఎమ్ పెరిగేకొద్దీ తెరుస్తుంది. కార్బన్ పట్టి తెరుచుకున్న చోటే పట్టేస్తే కింద ఏమీ ఉండదు, మధ్యలో బండి ఒక్కసారిగా నిద్ర లేస్తుంది. ఆ పాఠకుడు రాసింది అచ్చంగా ఇదే. మూసుకున్న చోట పట్టేస్తే దీనికి ఎదురు: కింద బాగా లాగి, పైన గోడకు గుద్దినట్టు ఆగిపోతుంది. సిలిండర్ పక్కన ఉన్న చిన్న మూత విప్పి, ఇంజన్ ఆన్ చేసి రేజ్ చేస్తే షాఫ్ట్ తిరగడం కంటికే కనిపించాలి. కదలకపోయినా, ఆగి ఆగి కదిలినా విప్పి కార్బన్ గీకించాలి. పిస్టన్ మార్చిన ప్రతిసారీ ఈ పని కూడా చేయిస్తే సరిపోతుంది. కేటీఎం 250, 300 ఈఎక్స్‌సీల్లో ఇదే వాల్వ్‌కు మూడు రంగుల స్ప్రింగులు వచ్చేవి, 2023 మోడల్ దాకా. పసుపు మామూలుది, ఆకుపచ్చ మెత్తనిది, ఎరుపు దూకుడుది. తడి మట్టిలో, రాళ్ల మీద వెనక చక్రం ఊరికే తిరిగిపోతోందనేవాళ్లకు ఆకుపచ్చ స్ప్రింగ్ చేసే మేలు ఏ జెట్టూ చెయ్యదు. పవర్ ఎంతన్నది వేరు, ఎలా వస్తుందన్నది వేరు. మీ జవాబులో ఈ రెండూ ఒకటైపోయాయి.

ఈ రెండూ బాగుంటే ఎయిర్ లీకు. మాగ్నెటో వైపు క్రాంక్ సీల్, అంటే క్రాంక్ షాఫ్ట్ చుట్టూ గాలి దూరకుండా ఉండే రబ్బరు కట్టు, పోతే ఇంజన్ అక్కడినుంచి దొంగగాలి పీలుస్తుంది. ఐడిలింగ్ నిలకడగా ఉండదు, ఏ జెట్ వేసినా రేపటికి కుదరదు. క్లచ్ వైపు సీల్ పోతే గేర్ ఆయిల్ లాగుతుంది. తెల్ల పొగ, తడి ప్లగ్, గేర్‌బాక్స్‌లో తగ్గే ఆయిల్, ఇవి గుర్తులు. దీన్ని పట్టడానికి పెద్ద సరంజామా అక్కర్లేదు. ఎగ్జాస్ట్ పోర్ట్‌నూ ఇన్‌టేక్ రబ్బరునూ బిరడాలతో మూసి, ఒక బిరడాలోంచి పైపు పెట్టి, బీపీ చూసే మిషన్ బల్బుతో గాలి ఎక్కించండి. మెకానిక్‌లు చెప్పే 6 పీఎస్ఐ ఆ మీటరు మీద 310 అవుతుంది. ముల్లు 300 దగ్గర పెట్టినా చాలు. ఆరు నిమిషాలు అక్కడే నిలవాలి. దిగితే సబ్బు నీళ్లు రాసి బుడగ ఎక్కడ లేస్తుందో చూడాలి: సిలిండర్ బేస్, రీడ్ బ్లాక్ అతుకు, సీళ్లు. ఇంజన్ ఆన్‌లో ఉండగా చుట్టూ స్ప్రే కొట్టి ఐడిలింగ్ మారుతుందేమో చూసే పద్ధతి ఒకటుంది. వేడి సైలెన్సర్ పక్కన అది మంటతో ఆట.

ఇవన్నీ దాటాకే ట్యూనింగ్, అదీ కింది నుంచి పైకి. ఇంజన్ బాగా వేడెక్కాక ఎయిర్ స్క్రూను ఆనేదాకా మాత్రమే లోపలికి తిప్పి, ఒకటిన్నర చుట్టు వెనక్కి తీయాలి. గట్టిగా బిగిస్తే మొన సీటును తినేస్తుంది. అక్కడినుంచి పావు చుట్టు చొప్పున అటూ ఇటూ తిప్పుతూ ఐడిలింగ్ ఎక్కడ అన్నిటికన్నా ఎక్కువుందో పట్టుకోవాలి. ఒక చుట్టు లోపలే ఆ చోటు వస్తే పైలట్ జెట్ చిన్నదని అర్థం. రెండున్నర దాటినా ఇంకా పెరుగుతూనే ఉంటే పెద్దది. 48 నుంచి 50కి, లేదా 45కి, ఒక్క మెట్టే మార్చాలి. నీడిల్ క్లిప్ కింది గాడిలోకి దించితే నీడిల్ పైకి లేచి పెట్రోల్ పెరుగుతుంది, పై గాడికి మారిస్తే తగ్గుతుంది. ఒకసారికి ఒకటే మార్పు. రెండు కలిపి మార్చినవాడికి ఏది పనిచేసిందో తెలియదు. చివర మెయిన్ జెట్. ఖాళీ ట్రాక్ మీద ఫుల్‌లో లాగుతుండగా యాక్సిలరేటర్ ఒక్క పిసరు వెనక్కి తిప్పితే బండి ఇంకా ఊపందుకుందంటే పెట్రోల్ చాలడం లేదు. అప్పుడు, అప్పుడే, పై సైజు వేసుకోవచ్చు.

ఆయిల్ సంగతి అన్నిటికన్నా ముఖ్యం, ఎందుకంటే పిస్టన్ పట్టేసేది అక్కడ. ఆయిల్ ఎక్కువ పోస్తే మిశ్రమం చిక్కబడుతుందని చాలామందికి నమ్మకం. జెట్ కొలిచేది మొత్తం ద్రవాన్ని. అందులో ఆయిల్ వాటా పెరిగితే పెట్రోల్ వాటా తగ్గుతుంది. లీటరుకు 25 మి.లీ. చొప్పున 40కి 1 కలిపేవాళ్లు 31 మి.లీ.తో 32కి 1కి మారితే తగ్గే పెట్రోల్ ఒక శాతం లోపే. కాబట్టి కొంపేమీ మునగదు. కానీ పెట్రోల్ చాలని ఇంజన్‌కి అది మందని నమ్మి జెట్ సరిచెయ్యకుండా వదిలేస్తేనే ముప్పు. 40కి 1 అయితే 5 లీటర్లకు 125 మి.లీ., కొలపాత్రతో పొయ్యండి. సీసా మూతతో అంచనా లెక్కలు వద్దు. ఆయిల్ పంపు తీసేసి మిక్సింగ్‌తో నడిపే ఆర్ఎక్స్ బండ్లవాళ్లకు ఇంకొక్క మాట: ఘాట్ దిగేటప్పుడు యాక్సిలరేటర్ పూర్తిగా మూసి గేర్‌లో వదిలితే ఇంజన్ గిర్రున తిరుగుతుంది, ఆయిల్ మాత్రం లోపలికి పోదు. మధ్య మధ్య క్లచ్ పట్టి ఒకసారి రేజ్ చెయ్యాలి.

మీ నిపుణుడు ఇథనాల్ పెట్రోల్ వల్ల పెట్రోల్ చాలడం లేదేమోనని ఒక వాక్యం రాశారు. అది నిజమే. కిలో పెట్రోల్ పూర్తిగా కాలడానికి సుమారు 14.7 కిలోల గాలి కావాలి. కిలో ఇథనాల్‌కు 9 చాలు. పది శాతం ఇథనాల్ కలిసిన ఈ10కి ఆ లెక్క 14.1 దగ్గర, ఇరవై శాతం కలిసిన ఈ20కి 13.5 దగ్గర ఉంటుంది. అంటే ఈ10 మీద కుదిర్చిన బండికి ఇప్పుడు నాలుగు శాతం కొరత. రంధ్రం వైశాల్యం నాలుగు శాతం పెరగాలంటే వ్యాసం రెండు శాతం పెరిగితే చాలు. 178 ఉన్నచోట 182. అయితే ఆ కొరత కింది నుంచి పైదాకా సమానంగా ఉంటుంది. కింద మాత్రమే ముక్కి, పైన బాగున్న బండికి ఇథనాల్‌ని నిందించి లాభం లేదు. ఇథనాల్ చేసే అసలు చెరుపు నిలవ ఉన్నప్పుడు. నీటిని పీల్చుకుంటుంది, అడుక్కి దిగుతుంది, పైలట్ జెట్ సన్న రంధ్రాన్ని తెల్లటి పొడితో మూసేస్తుంది. రెండు వారాలు బండి తియ్యమనుకుంటే బౌల్ ఖాళీ చేసి పెట్టండి.

ఆ మూసుకున్న జెట్‌ని క్లచ్ కేబుల్ పోగుతో పొడిచే అలవాటు మన దగ్గర ఊరూరా ఉంది. ఇత్తడి మెత్తన. రెండుసార్లు పొడిస్తే దాని మీదున్న నంబరుకూ రంధ్రానికీ సంబంధం పోతుంది. కార్బ్ క్లీనర్, గాలి, అంతే. నంబర్ల విషయంలో ఇంకో తిరకాసు ఉంది. కీహిన్ మెయిన్ జెట్ మీద 178 అంటే 1.78 మి.మీ. రంధ్రం. మికుని అనే ఇంకో కంపెనీ ఆరుపలకల జెట్ మీది నంబరు నిమిషానికి ఎంత పారుతుందనే లెక్క. వైజెడ్125 మీద, ఆర్ఎక్స్100 మీద ఉన్నవి మికునిలు. ఒకదాని నంబరు చూసి ఇంకోదానికి జెట్ కొనకూడదు.

చలికాలం లంబసింగి వెళ్లేవాళ్లు చలికి జెట్ పెంచాలా, ఎత్తుకు తగ్గించాలా అని అడుగుతుంటారు. వెయ్యి మీటర్ల ఎత్తు గాలి సాంద్రతను 11 శాతం తగ్గిస్తుంది. విశాఖ మధ్యాహ్నం 30 డిగ్రీల నుంచి అక్కడి తెల్లవారుజాము 5 డిగ్రీలకు వెళ్తే చలి దాన్ని 9 శాతం పెంచుతుంది. రెండూ దాదాపు చెల్లు, ఏమీ మార్చక్కర్లేదు. జాగ్రత్త కావలసింది దిగివచ్చాక. అక్కడ మధ్యాహ్నం 25 డిగ్రీల్లో సన్నగా కుదుర్చుకున్న జెట్‌తో మర్నాడు పొద్దున్నే విశాఖలో 20 డిగ్రీల్లో ఫుల్ కొడితే గాలి 14 శాతం చిక్కన. అందులో సగానికే కార్బ్యురేటర్ తానుగా పెట్రోల్ పెంచుతుంది, కాబట్టి మిశ్రమంలో పెట్రోల్ ఏడు శాతం తక్కువ. పిస్టన్ పట్టేయడానికి అది చాలు.

సవరణ వేసేటట్టయితే ఆయిల్ మాట ముందు వెయ్యండి. ఆ పాఠకుడు మెయిన్ జెట్ పాతదే మళ్లీ వేసుకుని, ఎయిర్ బాక్స్ మూత బిగించి, రీడ్ బ్లాక్ తీసి చూస్తే బాగుంటుంది. అరగంట పని. గ్యాస్కెట్ కొత్తది దగ్గర పెట్టుకునే విప్పాలి. పాతదే అతికిస్తే ఉన్న జబ్బుకు తోడు ఒక ఎయిర్ లీకు.

ఇట్లు,
ఒక పాఠకుడు,
విశాఖపట్నం