గూడు కాసే మగచేపకు గేలం వేయొద్దు

సంపాదకుల గారికి,

పెంపుడు చేపల గురించి ఎవరు రాసినా "ఈ జాతి మగవి కోపిష్టివి, పక్కవాటిని బతకనివ్వవు" అని ఒక్క ముక్కలో తేల్చేస్తున్నారు. చదివినప్పుడల్లా మనసుకు కష్టంగా ఉంటోంది. చాలా మంచినీటి జాతుల్లో గూడు కట్టేది, గుడ్లు కాసేది మగచేపే, మనం కోపం అంటున్నది ఆ కాపలానే.

స్టికిల్‌బ్యాక్ అనే చిన్న చేపనే చూడండి. గుడ్ల సీజన్ రాగానే మగదాని గొంతు, పొట్ట ఎర్రబడతాయి, నీటిమొక్కల పీచు ఏరుకొచ్చి తన మూత్రపిండాల్లోంచి వచ్చే జిగురుతో అతికించి గూడు కడుతుంది, ఆడది గుడ్లు పెట్టి వెళ్ళిపోయాక గూటి ముందే ఉండి రెక్కలతో నీళ్ళు విసురుతూ గుడ్లకు ఆక్సిజన్ అందిస్తుంది. పొద్దస్తమానం అదే పని. జంతువుల ప్రవర్తన మీద పరిశోధనకు 1973లో నోబెల్ అందుకున్న ముగ్గురిలో ఒకరైన నికో టిన్‌బర్గెన్ ఇలాంటి రెండు మగచేపల్ని చెరో గాజు గొట్టంలో పెట్టి, రెండిటినీ ఒకదాని హద్దులోకి జరిపితే ఆ హద్దు సొంతదారైన చేప రెండోదాని మీదికి దూకబోయింది, రెండోది పారిపోవాలని చూసింది. గొట్టాల్ని రెండోదాని హద్దులోకి మార్చగానే పాత్రలు తారుమారయ్యాయి! పుట్టుకతోనే కోపిష్టిదైతే ఎక్కడున్నా ఒకేలా ఉండాలి కదా.

ఫైటర్ చేపదీ అంతే. నీటి పైన నురగతో గూడు కట్టి, జారిపోయే గుడ్లను నోటితో ఏరి మళ్ళీ అందులో పెడుతుంది. గుడ్లు పెట్టిన ఆడదాన్ని కూడా తరుముతుంది, ఎందుకంటే అది వాటిని తినేయొచ్చు. అందుకే పెంచేవాళ్ళు ఆడదాన్ని వెంటనే వేరే తొట్టిలోకి మార్చాలి. రంగులు విప్పుతుంటే చూడ్డానికి బాగుందని గంటల తరబడి అద్దం చూపించడం మాత్రం దయచేసి మానండి, లేని శత్రువుతో పోరాడి అలసిపోతుంది పాపం.

నన్ను ఎక్కువ బాధపెట్టేది గేలం సరదా. బాస్ అనే మంచినీటి చేపల్లో మగది గూటి దగ్గరికొచ్చిన ఎరను ఆకలితో కాదు, గుడ్ల జోలికొచ్చిందని కొరుకుతుంది, కాబట్టి సులువుగా దొరికిపోతుంది. దాన్ని పైకి లాగి ఫొటో దిగే కాసేపట్లోనే చుట్టూ కాచుకున్న చేపలు గుడ్ల మీద పడతాయి, తిరిగి నీళ్ళలో వదిలినా కొన్ని ఆ గూడు వదిలేసి పోతాయి.

చేపల వేట మీద వ్యాసాలు వేసినప్పుడు, గూడు కాస్తున్న చేపను ఆ కొద్ది రోజులూ వదిలేయమని ఒక్క వాక్యం చేర్చండి.

ఇట్లు,
మీ పాఠకుడు