"పాలపళ్లు ఎలా ఉండేవి?" అని అడిగిన దంతవైద్యురాలికి

మేడమ్, పేరు రాయొద్దన్నారు, రాయడం లేదు.

చెవుడూ రేచీకటీ కలిసి కనబడితే అందరి నోటా ముందు వచ్చే పేరు అషర్ సిండ్రోమ్. మీరు మాత్రం మా బిడ్డ పాలపళ్ల సంగతి అడిగారు. అవి తెల్లగా, గట్టిగానే ఉండేవి. ఆరేళ్లకు వచ్చిన దవడపళ్లే పసుపుగా, గరుకుగా, ఎనామెల్ పలచబడి వచ్చాయి. గోళ్లు చూపించమన్నారు: అడ్డంగా గాడులు, తెల్లమచ్చలు. ఈ జబ్బున్న అందరికీ గోళ్లు ఇలా ఉండవని చెప్పి మరీ హైమ్లర్ సిండ్రోమ్ (చెవులు, కళ్లు, శాశ్వత పళ్లు, గోళ్లు దెబ్బతినే అరుదైన జన్యు జబ్బు) అనుమానించారు.

దీనికి పీఈఎక్స్1, పీఈఎక్స్6 జన్యువులు కారణమని తేలింది 2015లోనే. అషర్ ప్యానెల్‌లో, అంటే ఆ సిండ్రోమ్ కోసం చూసే జన్యువుల జాబితాలో, ఆ జన్యువులు లేకపోతే రిపోర్టు నెగటివే వస్తుంది. ఈ తరహా జబ్బుల్లో సాధారణంగా పెరిగే అతి పొడవు గొలుసు కొవ్వు ఆమ్లాలు రక్తంలో మామూలుగా ఉన్నా జబ్బు లేదనుకోకూడదు. అందుకే ఎక్సోమ్ పరీక్ష (జన్యువుల్లో ప్రొటీన్లకు సంబంధించిన భాగాలన్నిటినీ చదివేది) రాయించి, అమ్మానాన్నల రక్తం కూడా గడ్డకట్టకుండా ఉంచే ఊదామూత ఈడీటీఏ ట్యూబుల్లో పంపించమన్నారు. జన్యువు రెండు కాపీల్లోని మార్పులు చెరొకరి నుంచి వచ్చాయా అన్నది అలాగే తెలుస్తుంది. మేనరికమైతే ఒకే మార్పు రెండు వైపులా దొరకొచ్చు. తర్వాతి కాన్పుకు ముప్పు ఎంతో (నాలుగింట ఒక వంతు) దాచకుండా చెప్పారు.

దవడపళ్లకు స్టీలు క్యాపులు, ముందుపళ్లకు కాంపోజిట్ (పంటి రంగు పూత), మూడు నెలలకోసారి ఫ్లోరైడ్ వార్నిష్. జివ్వుమనడం తగ్గాకే బ్రష్ సరిగా పడుతుందన్నారు. అది నిజమే. ఏటా ఓసీటీ (రెటీనా పొరల స్కాన్) తీయించమనీ, మాక్యులాలో (రెటీనా మధ్యభాగంలో) నీటి తిత్తులు కనబడితే చుక్కల మందు గురించి రెటీనా డాక్టరును అడగమనీ చీటీ వెనక రాసిచ్చారు.

ఆ చీటీ ఇప్పటికీ ఫైల్లో మొదటి కాగితం. థ్యాంక్సండీ.