మా నాన్నగారి మంచం మోసినవారికి, మా పత్తి ఏరినవారికి కృతజ్ఞతలు

ప్రభువైన యేసుక్రీస్తు నామమున అందరికీ వందనములు.

గత అక్టోబరు చివరలో పక్షవాతం వచ్చి పడిపోయిన మా నాన్నగారు దేవుని కృపవలన ఇప్పుడు చేతికర్ర సాయంతో వాకిట్లో నడుస్తున్నారు. మాట ఇంకా కొంత తడబడుతున్నా, వచ్చినవారిని గుర్తుపట్టి పేరు పెట్టి పిలుస్తున్నారు. ఇందుకు కారకులైన మా సంఘస్థులకు, ఊరివారికి, పక్క తండావారికి, దేవరకొండ, నల్లగొండ దవాఖానల సిబ్బందికి మా కుటుంబమంతటి తరఫున హృదయపూర్వక కృతజ్ఞతలు తెలుపుకుంటున్నాను.

ఎవరి పేరూ ఇక్కడ రాయడం లేదు. తమ పేరు బయటపెట్టవద్దని చాలామంది నా దగ్గర ముందే మాట తీసుకున్నారు. కుడిచేయి చేసే ధర్మం ఎడమచేతికి తెలియకూడదని మత్తయి సువార్త ఆరవ అధ్యాయంలో ప్రభువు చెప్పిన మాటను వారు అక్షరాలా పాటించదలిచారు. అయితే ఆ మాట ఇచ్చేవారికి చెప్పినది. పుచ్చుకున్నవారు ఎలా ఉండాలో లూకా సువార్త పదిహేడవ అధ్యాయంలో ఉంది. శుద్ధులైన పదిమంది కుష్ఠరోగులలో ఒక్కడే తిరిగి వచ్చి గొంతెత్తి దేవుణ్ణి మహిమపరిచాడు, మిగిలిన తొమ్మిదిమంది ఎక్కడ అని ప్రభువు అడిగాడు. అందుకే పేర్ల విషయంలో వారి కోరికను మన్నిస్తూ, వారు చేసిన పనులను మాత్రం దాచకుండా చెప్పాలని నిశ్చయించుకున్నాను.

ఆ ఉదయం నాన్నగారు చెలకలో పత్తి ఏరుతూ ఉండగా కుడిచేయి పట్టు తప్పింది, మూతి ఒక పక్కకు వంకర పోయింది, పిలిస్తే మాట ముద్దగా వచ్చింది. అంతకు ముందు రెండు రోజులు ముసురు పట్టి ఉండటంతో నల్లరేగడి బాటలో ఆటో కూడా దిగబడిపోయే పరిస్థితి. 108 వాహనం వచ్చి తారు రోడ్డు మీద ఆగిపోయింది. పక్క చేనులో ఉన్న తండా అన్న తన గుడిసెలోని నులకమంచం ఎత్తుకొచ్చి, దాని మీద గొంగడి పరిచాడు. మా సంఘపు యువకులు ఇద్దరు, ఆ అన్న, అతని తమ్ముడు నాలుగు మంచంకోళ్ల దగ్గర నిలబడి మంచాన్ని భుజాలకెత్తుకున్నారు. మోకాటిలోతు బురద. చెప్పులు ఊడిపోయినా ఎవరూ వెనక్కి చూడలేదు. మంచం ఒక పక్కకు ఒరిగితే నాన్నగారు జారిపోతారని, పొట్టిగా ఉన్న తమ్ముడు తన పక్క కోడును భుజం మీద కాక రెండు చేతులతో తల పైకెత్తి పట్టుకొని రోడ్డు దాకా నడిచాడు. రోడ్డెక్కాక ఆ అబ్బాయి చేతులు వణుకుతూనే ఉన్నాయి.

ఆ నడక విలువ ఎంతో డాక్టరు గారు చెప్పినప్పుడు గాని మాకు తెలియలేదు. మెదడుకు పోయే రక్తనాళంలో గడ్డ అడ్డుపడినప్పుడు, అది గడ్డేనా, రక్తస్రావమా అని సీటీ స్కాన్‌లో తేల్చుకొని, లక్షణాలు మొదలైన 4.5 గంటలలోపు గడ్డను కరిగించే ఇంజెక్షన్ ఇవ్వాలట. ఆలస్యమైన కొద్దీ నిమిషానికి సుమారు 19 లక్షల నాడీకణాలు చనిపోతాయని వైద్యశాస్త్రం లెక్క. బాట ఆరేదాకా ఆగుదామనో, ట్రాక్టరు వచ్చాక చూద్దామనో అనుకొని ఉంటే ఆ గడువు చెలకలోనే గడిచిపోయేది. వారు సమయానికి రోడ్డు మీదికి చేర్చడం వల్లనే నల్లగొండలో ఆ ఇంజెక్షన్ ఇవ్వడం సాధ్యమైంది.

మార్కు సువార్త రెండవ అధ్యాయంలో కపెర్నహూములో జరిగిన సంగతి మా సంఘంలో ఎన్నోసార్లు ప్రసంగంగా విన్నాను. పక్షవాయువు గలవాణ్ణి నలుగురు మోసుకొచ్చారు, జనం కిక్కిరిసి ఉండటంతో ఇంటి కప్పు విప్పి పరుపుతో సహా ప్రభువు ముందుకు దింపారు. ఇన్నేళ్లుగా ఆ భాగం చదువుతూ నేను రోగి మీదనే దృష్టి పెట్టేవాణ్ణి. ఇప్పుడు చదివితే "యేసు వారి విశ్వాసము చూచి" అన్న మాట దగ్గర ఆగిపోతున్నాను. ఆ నలుగురు ఒక్క మాట మాట్లాడినట్లు సువార్తలో లేదు. వారి పేర్లు లేవు, వారు చేసిన ప్రార్థన లేదు. మోయడం, కప్పెక్కడం, దింపడం మాత్రమే ఉన్నాయి. వాటిలోనే ప్రభువుకు వారి విశ్వాసం కనబడింది. మా అందరి నోట పాటగా, సాక్ష్యంగా పలికే విశ్వాసం నిజంగా ఉన్నదీ లేనిదీ ఇటువంటి పనులలోనే తెలుస్తుందని నేను గట్టిగా నమ్ముతున్నాను. ప్రార్థన చేసి వెళ్లినవారిని తక్కువ చేసి ఈ మాట అనడం లేదు. దవాఖాన వరండాలో అర్ధరాత్రి వారు చేసిన ప్రార్థనే మా అమ్మను నిలబెట్టింది. అయితే అలా ప్రార్థించినవారే తెల్లవారగానే ఆరోగ్యశ్రీ కాగితాల కోసం వరుసలో నిలబడ్డారు. మా పాస్టర్ గారు ఆహారభద్రత కార్డు నకళ్లు చేతపట్టుకొని ఒక కిటికీ నుంచి ఇంకో కిటికీకి తిరగడం నేను కళ్లారా చూశాను. తిండి, బట్ట లేని సహోదరునికి ఏమీ ఇవ్వకుండా సమాధానముగా వెళ్లుమని చెప్పి పంపితే ఏమి ప్రయోజనమని యాకోబు తన పత్రికలో అడిగిన ప్రశ్నకు మా సంఘం ఆ రోజుల్లో జవాబు చెప్పింది.

ఇంటికి తీసుకొచ్చిన తరువాత వచ్చిన కష్టం మేము ఊహించనిది. పక్షవాతం వచ్చినవారికి మింగడం కూడా కష్టమవుతుందని, పలచటి నీళ్లు, చాయ్ వంటివి గొంతులో దారి తప్పి ఊపిరితిత్తుల్లోకి పోతే న్యుమోనియా వస్తుందని దవాఖానలో హెచ్చరించి పంపారు. మా అమ్మ భయంతో చెంచా పట్టుకోలేకపోయేది. అప్పుడు మా సంఘపు స్త్రీల సమాజంలోని ఒక పెద్దమ్మ రోజూ పొద్దున రాగిజావను చెంచా నుంచి ధారగా కారకుండా ముద్దగా జారేటంత చిక్కగా కాచి తెచ్చేది. నాన్నగారిని దిండ్లు ఆనించి నిటారుగా కూర్చోబెట్టి, గడ్డం కొద్దిగా కిందికి వంచి, అర చెంచా పెట్టేది. ఆయన మింగారా లేదా అని గొంతుకణుపు కదలికను చూసి, ఆ తరువాతే మళ్లీ అర చెంచా. గిన్నెడు జావ తినిపించడానికి గంట పట్టేది. ఆ గంట ఆమె కూలికి పోవలసిన గంట అని నాకు తెలుసు. ఒక్కనాడు కూడా తొందరపడలేదు, విసుక్కోలేదు. మా అమ్మకు ధైర్యం వచ్చి తానే తినిపించే దాకా ఆమె రావడం మానలేదు.

ఇక పిడికెడు బియ్యం సంగతి. మా సంఘపు తల్లులు వంటకు బియ్యం కడిగే ముందు ఒక పిడికెడు తీసి దేవుని పేర వేరే కుండలో వేస్తారు, ఆదివారం నాడు వాటిని మందిరానికి తెస్తారు. కూలి చేసుకొని బతికే ఇళ్లలోని బియ్యం అవి. ఆ మూటల్లో దొడ్డు బియ్యం, సన్న బియ్యం కలిసి ఉంటాయి, ఎవరివి ఏవో తెలియదు. ఆ శీతకాలమంతా మా ఇంట్లో ఉడికిన అన్నం ఆ మూటలదే. నేను పుట్టినప్పటి నుంచి చూస్తున్న ఆచారం ఇది, మా అమ్మ కూడా పిడికెడు తీస్తూనే వచ్చింది. అది తిరిగి మా ఇంటికే రావలసిన రోజు వచ్చింది.

చెలకలో పత్తి పగిలి తెల్లగా నిలబడి ఉన్న సమయంలో మేమంతా దవాఖానలో ఉన్నాము. ఇంకో వాన పడితే దూది నల్లబడి ధర పోతుంది. కూలీలు దొరకని రోజులవి. తండా ఆడపడుచులు, మా వాడ అక్కచెల్లెళ్లు కలిసి ఒక పూట తమ చేలల్లో, ఒక పూట మా చెలకలో ఏరారు. మంచు ఆరకముందు ఏరితే తేమ పెరుగుతుందని, 12 శాతం దాటితే ప్రభుత్వ పత్తి కొనుగోలు సంస్థ సీసీఐ కేంద్రంలో కొనరని తెలిసినవారు కనుక ఎండ పడే దాకా ఆగి, ఏరిన పత్తిని మా ఇంటి ముందు ఆరబోసి, సాయంత్రం బస్తాలకెత్తి తాళం వేసి వెళ్లేవారు. కూలి డబ్బులు ఇవ్వబోతే, మీ నాన్న మా పిల్లలకు లెక్కలు చెప్పినప్పుడు ఏం తీసుకున్నాడు అని అడిగారు. నాకు మాట రాలేదు.

వీరిలో సగంమంది క్రైస్తవులు కారు. ఈ సంగతి దాటవేస్తే నేను రాసినది అసత్యమవుతుంది. మంచం తెచ్చిన అన్న లంబాడీల తీజ్ పండుగకు గోధుమ మొలకలు పెంచే ఇంటివాడు. దవాఖాన దగ్గర మా తమ్ముడికి రెండు రాత్రులు తన ఆటోలో పడుకోవడానికి చోటిచ్చిన డ్రైవరు తెల్లవారుజామున నమాజుకు వెళ్లేవాడు. గాయపడినవాడి పుండ్లకు నూనె, ద్రాక్షారసం పోసి కట్టి, తన వాహనం మీద ఎక్కించి, పూటకూళ్లవానికి రెండు దేనారములు ఇచ్చినవాణ్ణి ప్రభువు తన ఉపమానంలో యూదులు పరాయివాడిగా చూసే సమరయుడిగా చూపించాడే గాని, యాజకుడిగా చూపించలేదు. వీరి దయను మా మతం ఖాతాలో వేసుకునే హక్కు నాకు లేదు. వీరి నుంచి నేర్చుకోవలసిన బాధ్యత మాత్రం సంఘస్థుడిగా నాకు ఉంది.

మా జిల్లాల్లో సువార్త వచ్చినప్పుడు దానితో పాటు దవాఖాన కూడా వచ్చింది. జడ్చర్లలోని మెనొనైట్ బ్రదరన్ మిషనరీల దవాఖానకు పాలమూరు పల్లెల నుంచి బండ్లు కట్టుకొని వెళ్లిన సంగతులు మా నాయనమ్మ చెప్పేది. మందు ఇచ్చిన చేయిని చూసిన తరువాతే చాలామంది వాక్యం విన్నారు. ఆ దవాఖానలు కట్టే స్తోమత మాకు లేదు గాని, జావ చిక్కగా కాచే ఓపిక, మంచం కోడు పట్టుకునే భుజం మా పల్లెల్లో ఇప్పటికీ ఉన్నాయి.

ఇది చదివేవారికి ఒక మనవి. మూతి వంకర పోయినా, ఒక చేయి ఉన్నట్టుండి పడిపోయినా, మాట తడబడినా పసరు మందులని, మంత్రాలని తిరగకుండా వెంటనే 108కి ఫోన్ చేయండి. లక్షణాలు మొదలైన సమయాన్ని గుర్తుపెట్టుకొని డాక్టరుకు చెప్పండి. బీపీ మాత్రలు డాక్టరు చెప్పకుండా ఆపవద్దు.

నాన్నగారు చేతికర్రతో నడుస్తున్నారు కనుక, మాకు ఒకరు ఇచ్చిన వాకరు, పడక పుండ్లు పడకుండా వాడిన గాలి పరుపు ఇప్పుడు ఖాళీగా ఉన్నాయి. రెండూ శుభ్రం చేసి పెట్టాము. దేవరకొండ, చింతపల్లి, కొండమల్లేపల్లి వైపు ఎవరి ఇంట్లోనైనా అవసరం ఉంటే, వారు ఏ సంఘానికి, ఏ మతానికి చెందినవారైనా సరే, మీ దగ్గరి పాస్టర్ గారి ద్వారా గాని, మా పక్క తండావారి ద్వారా గాని కబురు పంపండి. మేమే తెచ్చి ఇస్తాము.