కూర్చోవడం స్వార్థమా?

చిన్నీ,

"ఆసుపత్రి వార్డులో అంతమంది బాధపడుతుంటే, నేను ధ్యానమంటూ కళ్ళు మూసుకుని కూర్చుంటే ఎవరికి ఏమి ఒరుగుతుందమ్మా? అది స్వార్థం కాదా?" అని రాశావు. రెండు రోజులుగా ఆ మాటే మనసులో తిరుగుతోంది. ఫోనులో తేలే విషయం కాదని ఉత్తరం రాస్తున్నాను.

డార్లీ, బాట్సన్ అనే ఇద్దరు మనస్తత్వ శాస్త్రవేత్తలు ప్రిన్స్‌టన్‌లో చేసి, 1973లో ప్రచురించిన ప్రయోగం ఒకటి ఉంది. మతబోధకులు కావడానికి చదువుతున్న 40 మందిని ఒక్కొక్కరిగా ఒక భవనం నుంచి మరో భవనానికి పంపారు. దారిలో ఒక మనిషి తల వాల్చి, దగ్గుతూ, మూలుగుతూ పడి ఉంటాడు. తీరిగ్గా వెళ్ళమన్నవాళ్ళలో 63 శాతం మంది ఏదో ఒక సాయం చేశారు. ఆలస్యమైంది, త్వరగా వెళ్ళమన్నవాళ్ళలో సాయం చేసినవాళ్ళు 10 శాతమే. ఆ 40 మందిలో కొందరు వెళ్తున్నదే దారిన పడి ఉన్నవాడిని ఆదుకున్న మనిషి కథ మీద ప్రసంగించడానికి! అయినా దానివల్ల చెప్పుకోదగ్గ తేడా రాలేదు.

ఆ పిల్లలు దయలేనివాళ్ళని నాకు అనిపించదు. తొందర వాళ్ళ చూపును లాగేసుకుంది, అంతే. గడియారం తరమనప్పుడు కూడా మన లోపల ఇలాంటి తొందర ఉంటుంది. నిన్న ఎవరో అన్న మాట, ఇంకో గంటలో చేయాల్సిన పని, నా గురించి ఏమనుకున్నారో అన్న బెంగ. ఎదురుగా మనిషి మాట్లాడుతూనే ఉంటాడు, మనం అక్కడ ఉండం. శ్వాసను గమనిస్తూ కూర్చున్నప్పుడు మనసు ఎటో పోతుంది, పోయిందని తెలుస్తుంది, తిరిగి వస్తాం. "నాకు ధ్యానం కుదరడం లేదు, మనసు పరుగెడుతోంది" అని బాధపడ్డావు కదా, పరుగెత్తిందని గమనించిన ఆ క్షణమే సాధన తల్లీ. మనుషుల మధ్యకు వచ్చాక పనికొచ్చేది అదే.

మొన్న తాతయ్య కళ్ళజోడు కనబడటం లేదని మళ్ళీ పిలిచారు. పని మధ్యలో ఉన్నాను. గొంతు దగ్గర బిగింపు, దవడలో గట్టిదనం, "అక్కడే ఉంటుంది చూడండి" అన్న మాట నాలుక చివరకు రావడం, అన్నీ తెలిశాయి. తెలియగానే బిగింపు కాస్త సడలింది. అప్పుడు ఆయన ముఖం కనిపించింది. కళ్ళజోడు కోసం కాదు ఆ ఆందోళన. తనకు మరుపు ముదురుతోందేమోనని భయం. చేతులు దుప్పటిని తడుముతున్నాయి కానీ చూపు నా మీదే ఉంది, విసుక్కుంటానేమోనని. పక్కన కూర్చుని ఆ చేయి పట్టుకున్నాను. ఓర్పు తెచ్చిపెట్టుకోవాల్సిన పని పడలేదు. ఆ ముఖం చూశాక మరోలా ఉండటం నావల్ల అయ్యేది కాదు.

2013లో వెలువడిన ఒక చిన్న అధ్యయనంలోనూ ఇలాంటిదే కనిపించింది. వేచి ఉండే గదిలోకి చేతికర్రలతో ఒకరు నొప్పిపడుతూ వస్తారు, కూర్చోవడానికి కుర్చీ ఉండదు. ఎనిమిది వారాలు ధ్యానం నేర్చుకున్నవాళ్ళలో సగం మంది లేచి కుర్చీ ఇచ్చారు, నేర్చుకోనివాళ్ళలో 16 శాతం మంది. మొత్తం 39 మందితో చేసిన ప్రయోగం కనుక దాని మీదే అంతా నిలబెట్టను. నాకు నచ్చింది మరొకటి. కరుణ గురించి ప్రత్యేకంగా చర్చించిన తరగతివాళ్ళూ, ఉత్త ఎరుకను, అంటే మనసులో జరిగేదాన్ని ఊరికే గమనించడాన్ని మాత్రమే సాధన చేసినవాళ్ళూ ఇందులో దాదాపు ఒకేలా నడుచుకున్నారు.

ఇక నీ అలసట సంగతి. రోగి నొప్పిని నీ ఒంట్లోకి తెచ్చుకోవడం వేరు, అతని మేలు కోరడం వేరు. టానియా సింగర్ అనే మెదడు శాస్త్రవేత్త బృందం ఈ రెంటినీ విడదీసి చూసింది. ఎదుటివారి బాధతో మమేకం కావడాన్ని సాధన చేసినవాళ్ళలో కలత పెరిగింది. తర్వాత అదే మనుషులు కరుణను సాధన చేస్తే ఆ కలత తగ్గి, మంచి భావాలు పెరిగాయి. మెదడులో చురుకైన భాగాలు కూడా వేరు. రాత్రి ఇంటికొచ్చి ఏడుస్తున్నావంటే నీలో దయ ఎక్కువై కాదు. బాధలో మునిగి, ఒడ్డు దొరకక.

అందుకే వార్డు తలుపు మీద చేయి వేసినప్పుడు ఆ పిడి చల్లదనాన్ని గమనించు. పాదాలు నేల మీద ఉన్నాయని తెలియనివ్వు. ఒక్క శ్వాస చాలు. కాగితాల కంటే ముందు మనిషి ముఖం చూడు. బాధ కనబడితే "ఈమెకు ఉపశమనం కలగాలి" అని లోపలే అనుకుని, చేయవలసిన పని చెయ్యి. సాయంత్రం అదే మాట నీ గురించి కూడా అనుకో.

రాత్రి డ్యూటీ ఉన్న వారం కూర్చోవడానికి బలవంతపెట్టుకోకు, నిద్రపో. ఎప్పుడైనా కూర్చున్నప్పుడు పాత దుఃఖం మరీ ఉబికివస్తే కళ్ళు తెరిచి లేచి నడువు, ఆ పూటకు ఆపేయి. అలా పదేపదే జరిగితే ఒంటరిగా మోయకు, నాకో, తెలిసిన గురువుకో, వైద్యులకో చెప్పు. వార్డు తలుపు దగ్గర ఆగడం ఎలా కుదురుతోందో వచ్చే ఉత్తరంలో రాయి.

ఆశీస్సులతో,
అమ్మ