వెనక డిస్కులున్న కారుకు హ్యాండ్‌బ్రేక్ పట్టకపోతే నట్టు బిగిస్తే సరిపోదు

సంపాదకులకు నమస్కారం.

మన విశాఖ ఊరంతా ఎత్తుపల్లాలే. సీతమ్మధార, పెదవాల్తేరు వైపు సందుల్లో కారు ఆపి, దిగి, వెనక చక్రం కింద రాయి పెట్టి వెళ్లేవాళ్లు రోజూ కనిపిస్తారు. రాయి పెట్టడం తప్పని నేననను, కానీ లక్షలు పోసి కొన్న కారుకు చివరికి ఆ రాయే దిక్కయిందంటే హ్యాండ్‌బ్రేక్ పని చేయట్లేదనే కదా అర్థం. ఆ వాలు కింద పిల్లలు ఆడుకుంటూ ఉంటారు. అందుకే ఈ ఉత్తరం రాస్తున్నాను, ముఖ్యంగా నాలుగు చక్రాలకూ డిస్క్ బ్రేకులున్న కార్ల గురించి.

వెనక డ్రమ్ములుంటే (చక్రంతో పాటు తిరిగే గిన్నెలు), కారు జారబోయినప్పుడు ఆ తిరిగే బలమే లోపలి షూని, అంటే బ్రేకు వేసే వంపు పట్టీని, డ్రమ్ముకేసి ఇంకా గట్టిగా అదుముతుంది. డిస్కుకి ఆ సాయం లేదు. కేబుల్ ఎంత బలంగా లాగితే డిస్కుకి రెండువైపులా ఉండే ప్యాడ్లు అంతే పట్టుకుంటాయి, అందుకని కేబుల్‌లోనో, ఆ ప్యాడ్లని డిస్కుకేసి నొక్కే కేలిపర్‌లోనో కాస్త తేడా వచ్చినా కారు జారుతుంది.

మా కారుకి లీవర్ పైదాకా లాగినా పట్టు లేకపోతే ఒక షెడ్డులో లీవర్ కింద ఉండే నట్టు బిగించి పంపించేశారు. కొన్నాళ్లు బాగానే పట్టింది, తర్వాత మళ్లీ మొదటికే వచ్చింది, పైగా కాసేపు తిరిగొస్తే ఎడమవైపు వెనక చక్రం దగ్గర చెయ్యి పెట్టలేనంత వేడి. అప్పుడు గాజువాక ఆటోనగర్‌లో ఒక పెద్ద మెకానిక్ చేసిన పని చెబుతాను. ఆయన ముందుగా ఆ బిగించిన నట్టునే పూర్తిగా వదులు చేశాడు. తర్వాత చక్రాలు విప్పి, కేలిపర్ వెనక కేబుల్ తగిలించి ఉండే చిన్న లీవర్‌ని చూపించాడు. కేబుల్ వదులైతే అది స్ప్రింగు బలంతో వెనక్కి వెళ్లి దాని స్టాపర్‌కి ఆనాలి. కుడివైపుది ఆనింది. ఎడమవైపుది గోరు దూరేంత సందు వదిలి అక్కడే ఆగిపోయింది, అది తిరిగే ఇరుసు చుట్టూ ఎర్రగా తుప్పు. మనది సముద్రపు గాలి, ఉప్పు, తేమ, ఆపైన గేరులో పెట్టేసి హ్యాండ్‌బ్రేక్ వాడనే వాడని అలవాటు, ఇంక ఆ లీవరు బిగుసుకుపోకుండా ఎలా ఉంటుంది?

అసలు సంగతి ఇక్కడే ఉంది. ఇలాంటి కేలిపర్లలో ప్యాడ్లు అరిగేకొద్దీ లోపలి మర తనంతట తానే ఆ ఖాళీని సర్దుకుంటుంది, కానీ చాలా రకాల్లో అది జరగాలంటే చిన్న లీవర్ స్టాపర్ దాకా వెనక్కి రావాలి. కేబుల్‌ని బలవంతంగా బిగిస్తే ఆ చిన్న లీవరు ఎప్పుడూ సగం లాగినట్టే ఉంటుంది, సర్దుబాటు ఆగిపోతుంది, ప్యాడ్లు రాసుకుంటూ వేడెక్కుతాయి, మీ చేతికి మాత్రం కొన్నాళ్లు బాగైనట్టే అనిపిస్తుంది. ఆ లీవర్‌ని కదిలేలా చేసి (మరీ పాడైతే కేలిపరే మార్చాలి), ఇంజిన్ ఆన్‌లో పెట్టి కాలి బ్రేకు చాలాసార్లు తొక్కి, ఆఖరున మాత్రమే కేబుల్ సర్దాలి, అదీ లీవర్లు స్టాపర్ని వదలకుండా. ఎన్ని క్లిక్కులకు పట్టాలో కారు పుస్తకంలో ఉంటుంది. హ్యాండ్‌బ్రేక్ దించాక చక్రాలు చేత్తో తిప్పితే తేలిగ్గా తిరగాలి.

కొత్త ప్యాడ్లు వేయించేటప్పుడు దగ్గరుండి చూడండి. ఇలాంటి కేలిపర్లలో ఎక్కువ వాటికి ప్యాడ్‌ని నెట్టే పిస్టన్‌ని తిప్పుతూ లోపలికి నెట్టాలి, క్లాంప్ పెట్టి నొక్కేస్తే లోపలి మర దెబ్బతింటుంది. పిస్టన్ ముఖం మీద గాడి, ప్యాడ్ వెనక చిన్న బొడిపె ఉంటే అవి రెండూ కూర్చోవాలి, లేకపోతే ప్యాడ్ ఏటవాలుగా అరుగుతుంది. కొన్ని కార్లలో డిస్కు మధ్య గిన్నెలో హ్యాండ్‌బ్రేక్‌కే విడిగా చిన్న షూలుంటాయి, వాటికి ఈ పద్ధతి వర్తించదు, లోపలి పళ్ల చక్రంతో సర్దాలి. బటన్‌తో పనిచేసే ఎలక్ట్రిక్ బ్రేకైతే సర్వీస్ మోడ్‌లో పెట్టకుండా పిస్టన్ ముట్టుకోనివ్వకండి.

కైలాసగిరి, సింహాచలం ఘాట్లు దిగి వాలులో ఆపేవాళ్లు ఇంకొకటి గుర్తుంచుకోవాలి. వేడెక్కిన డిస్కు చల్లారితే కాస్త కుంచించుకుపోయి పట్టు సడలుతుంది. ఒక క్లిక్కు ఎక్కువ లాగి, గేరులో వేసి, ముందు చక్రాలు గట్టువైపు తిప్పి దిగండి.

ఐక్యరాజ్యసమితి ఆర్13-హెచ్ నిబంధన ప్రకారం పార్కింగ్ బ్రేకు నిండు లోడుతో ఉన్న కారును 20 శాతం వాలులో నిలపాలి, అదీ చేత్తో లాగే బలం 400 న్యూటన్లు, అంటే సుమారు 40 కిలోలు, మించకుండా. కారు కొత్తగా బయటికొచ్చినప్పుడు ఆ సత్తా ఉంటుంది. ఆ తర్వాత చూసేదెవరు? టాక్సీలకీ లారీలకీ మొదటి ఎనిమిదేళ్లు రెండేళ్లకోసారి, ఆ తర్వాత ఏటా ఫిట్‌నెస్ పరీక్ష ఉంది, సొంత కారుకి రిజిస్ట్రేషన్ గడువు 15 ఏళ్లు నిండేదాకా అదీ లేదు. జనవరిలో రోడ్డు భద్రతా మాసోత్సవాలప్పుడు హెల్మెట్ గురించీ సీటుబెల్టు గురించీ చెబుతారు, మంచిదే. అదే నెలలో రవాణా శాఖ వాళ్లు మన ఊళ్లో ఏదో ఒక వాలు రోడ్డు మీద ఒక్క ఆదివారం హ్యాండ్‌బ్రేక్ పరీక్ష ఉచితంగా పెట్టమని మీ పత్రిక ద్వారా కోరుతున్నాను. ఆటోనగర్ మెకానిక్కులను కూడా పిలిస్తే, కారు నిలవని వాళ్లకి లోపం నట్టు దగ్గరుందో చక్రం దగ్గరుందో అక్కడికక్కడే చూపించగలరు.

— ఒక పాఠకుడు, విశాఖపట్నం